లక్షలో మిగిలే ఒక్క వత్తి

దేవుడి ముందు లక్ష వత్తులు వెలిగించే నోము రాజోలులో మా వైపు ఎవరు పట్టినా, ఆ వత్తులు బంగారమ్మ చేతివే. విభూతి అద్దిన వేళ్ళతో దూదిపింజను నులిమితే చాలు, వత్తి తయారు. పదింటిని దారంతో కడుతుంది. అలాంటివి పదైతే నూరు వత్తుల కట్ట. ఆ కట్టలు పదైతే ఒక సంచి. ఇంకో లెక్కతో ఆమెకు పనిలేదు. అడిగితే, "చేతులకి పది వేళ్ళున్నాయి కదండీ, ఇంకేం కావాలండీ?" అని నన్నే ఎదురడుగుతుంది.

మా పక్కింటి వీరాయమ్మగారు ఆ నోము పట్టి, వెలిగించకుండానే కన్నుమూశారు. ఈ కార్తీకంలో ముగ్గురు కోడళ్ళూ దాన్ని తీర్చాలనుకున్నారు. సమానంగా పంచుకోవాలన్నది వాళ్ళ షరతు. ఒక్క వత్తి తక్కువైనా ఊరుకునే రకం ఆ ఇంట్లో ఎవరూ లేరు మరి.

వంద సంచులు అరుగు మీద పేర్చారు. తలా ముప్పై మూడు పోగా ఒక సంచి మిగిలింది. విప్పారు. నూరేసి వత్తుల కట్టలు తలా మూడు, ఒకటి మిగిలింది. అదీ విప్పారు. పదేసి వత్తుల కట్టలు తలా మూడు, మళ్ళీ ఒకటి. ఆ దారమూ తెంపితే తలా మూడు వత్తులు వచ్చి, పళ్ళెంలో ఒక్క వత్తి మిగిలిపోయింది.

"లెక్క తప్పేరేమో బంగారమ్మగారూ," అంది పెద్దకోడలు వీరవేణి. "మా అత్తయ్యగారి నోము చెడిపోదాండీ?"

బంగారమ్మ ముఖం పాలిపోయింది. లక్ష లక్ష కాకపోతే పోయినావిడ నోము పాడైనట్టే. ఇక ఈమె చేసిన వత్తి ఎవరూ ముట్టరు. వీధిలోని ఆడవాళ్ళమంతా కూర్చుని సాయంత్రం దాకా లెక్కపెట్టాం. నా నడుం పడిపోయింది. సరిగ్గా లక్షే! మళ్ళీ పంచితే మళ్ళీ ఒకటి.

చిన్నకోడలు లావణ్య పళ్ళెంలోని వత్తులు కదుపుతూ, "పదిని ముగ్గురం పంచుకుంటే ఒకటి మిగులుద్ది కదండీ," అంది మెల్లగా.

బంగారమ్మ నిటారుగా కూర్చుంది. "ఆయ్! పది పదులైతే, పదికొకటి చొప్పున మిగిలినవి పదండీ. ఆ పదీ పంచితే మళ్ళీ ఒకటేనండీ!"

వెయ్యికీ అంతే. లక్షకీ అంతే. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మేమెవరమూ పుట్టకముందు, లోకంలో దూదే లేకముందు కూడా లక్షలో ఆ ఒక్కటి మిగిలే ఉంది. దాన్ని ఎవరూ పెట్టలేదు, ఎవరూ తీయలేరు.

"అయితే నా తప్పు కాదాండీ?" అంది బంగారమ్మ.

"కాదండీ, లక్షే అంత," అంటూ వీరవేణి ఆ వత్తిని ఆమె చేతిలో పెట్టింది. "ఇది మీరు వెలిగించండి. లక్షా పూర్తవ్వాలి కదా."

ఎన్ని లక్షలు చేసిందో గానీ, ఏ నోములోనూ ఒక్క వత్తి వెలిగించమని ఆమెను పిలిచినవాళ్ళు లేరు. ఆ వత్తిని తన చేత్తోనే ముట్టించింది. ఆ వెలుగు చూస్తూ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ముగ్గురు పంచుకుంటే కోటిలోనైనా నాకొకటి ఉంటాదన్నమాటండీ!"