ఎడమచేతి రైఫిల్ ఎవరిచేత చేయించాలి

1998 నవంబరులో నేను కువైట్‌లోని ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు సైన్యంలో ఇదే పని చేసి, హవల్దారు హోదాలో బయటికి వచ్చాను. ఆర్మరర్ అంటే ఆయుధాలను తనిఖీ చేసి, శుభ్రపరిచి, మరమ్మతు చేసి, ఇది కాల్చడానికి పనికొస్తుందని సంతకం పెట్టేవాడు. కువైట్‌లో నా నివాస అనుమతి కార్డు ఇఖామా మీద మాత్రం క్లబ్బు వాళ్ళు మెకానిక్ అని రాయించారు. అది చూసి అర్దియాలో నా గదిలో ఉండేవాళ్ళు మొదటి నెలంతా తమ స్నేహితుల కార్ల రోగాలన్నీ నాకే చెప్పుకున్నారు.

మరమ్మతు చేసేవాడు వేరు, తయారుచేసేవాడు వేరు. సైన్యంలో మాకు బ్యారెళ్ళు సిద్ధంగా వచ్చేవి. అరిగినదాన్ని తీసి కొత్తది బిగించి, గేజీతో చూసి సంతకం పెట్టడమే మా పని. బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గదిని చాంబర్ అంటారు. దాన్ని లోహంలోంచి కోసి తీయడం, వెంట్రుకవాసి తేడా కూడా రాకుండా తీయడం, తయారీదారు పని. ఆ పని నేను ఎన్నడూ చేయలేదు. ఒక్క రైఫిల్‌నయినా మొదటినుంచి చివరిదాకా నా చేతులతో చేయాలని శిక్షణ రోజులనుంచీ కోరిక. దాని బొమ్మలు, కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, బదిలీ అయిన ప్రతిచోటికీ, ఆఖరికి కువైట్‌కీ తీసుకుపోయాను. ఇరవయ్యేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన కోరిక అది. అడిగితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

క్లబ్బు సభ్యుల్లో హెస్సా అనే ఆవిడ ఉండేది. బడిలో లెక్కల టీచరు, నలభై దగ్గర పడిన మనిషి. బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని గురిని కొట్టే పోటీలో దిగేది. ఆవిడది ఎడమచేతి వాటం. క్లబ్బులో ఉన్నవన్నీ కుడిచేతివాళ్ళ రైఫిళ్ళే కావడంతో ప్రతి గుండుకీ చేతిని రైఫిల్ మీదుగా తిప్పి, తూటా ఎక్కించే బోల్టు లాగాల్సి వచ్చేది. అలా ఏళ్ళ తరబడి లాగి లాగి భుజం పాడయింది. ఇంకా రెండు సీజన్లు ఆడగలవు, ఆపైన వద్దని డాక్టరు చెప్పాడట. ఒక్కసారైనా దేశం జట్టులో ఆడాలని ఆమె ఆశ. అందుకని కొలతలిచ్చి ఎడమచేతి రైఫిల్ చేయించుకోవాలని నిశ్చయించుకుంది. ఎవరిచేత చేయించాలో తేల్చి నివేదిక ఇవ్వమని క్లబ్బు కార్యదర్శి అబూ ఖాలిద్ నాకు అప్పగించాడు. ఆయన విశ్రాంత సైనికాధికారి. నన్ను పేరుపెట్టి పిలవకుండా ఉస్తాద్ అనేవాడు. ఇది 1999 సెప్టెంబరు సంగతి.

విచారిస్తే ఇద్దరు మిగిలారు. మొదటిది యూరప్‌లో ఒక పెద్ద సంస్థ. వాళ్ళ ఏజెంటు కువైట్ నగరంలో షర్క్‌లోని ఒక ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, మఖమలు పరిచిన పెట్టెలో నమూనా రైఫిల్ చూపించాడు. నాలుగు నెలల్లో ఇస్తామన్నాడు. ఏ తూటా అయినా పరవాలేదా అంటే పరవాలేదన్నాడు. మా ఎండకి తట్టుకుంటుందా అంటే తట్టుకుంటుందన్నాడు. నేనడిగిన ప్రతిదానికీ ఆయన దగ్గర అవుననే జవాబు ఉంది. రెండోవాడు ఆస్ట్రియాలో కొండల్లో ఒక చిన్న ఊరివాడు, పేరు ఫ్రాంజ్, డెబ్బై ఏళ్ళవాడు. ఆయనకి కేటలాగు లేదు. ఇద్దరే పనివాళ్ళు. ఫ్యాక్సు పంపితే వారానికి గానీ జవాబు రాదు.

ఇద్దరికీ ఒక చిన్న పరీక్ష పెట్టాను. మా క్లబ్బులో ఒక పాత రైఫిల్ గుళ్ళు చెదరగొడుతోంది. దాని జబ్బేమిటో నేను అప్పటికే కనిపెట్టాను. చల్లటి గదిలో ఉండి, ఎండలోకి వెళ్ళి, మళ్ళీ చల్లటి గదికి వచ్చి చెక్క వంకరపోయింది. మర బిగించినప్పుడల్లా ఆ చెక్క లోహాన్ని వంచుతోంది. బ్యారెల్‌కి ఏ దోషమూ లేదు. ఆ సంగతి చెప్పకుండా, కాల్చిన టార్గెట్ కాగితాలు పది ఇద్దరికీ పంపి, ఏం చేయమంటారని అడిగాను.

పెద్ద సంస్థ మూడురోజుల్లో జవాబిచ్చింది. బ్యారెల్ అరిగింది, కొత్తది వేయించండి అని. ఫ్రాంజ్ దగ్గర్నుంచి పదోరోజున ఫ్యాక్సు వచ్చింది. అందులో సలహా లేదు, అన్నీ ప్రశ్నలే. రైఫిల్‌ని ఏ గదిలో ఉంచుతారు, బయట ఎంత వేడి, చెక్క ఎన్నేళ్ళది. చెక్కా బ్యారెలూ కలిసేచోట వేలు ఆనించి, ముందువైపు మర వదులు చేసి చూడండి, వేలికింద కదలిక తెలుస్తోందా? ఆఖరి వాక్యం ఇది: వీటికి జవాబులు తెలిసేదాకా నా దగ్గర బ్యారెల్ కొనకండి.

ఆ కాగితం పట్టుకుని ఆ పాత రైఫిల్ దగ్గరికి వెళ్ళాను. నేను ఏ మర దగ్గర వేలు పెట్టి జబ్బు కనుక్కున్నానో, రెండువేల మైళ్ళ అవతలనుంచి ఆయన అక్కడే వేలు పెట్టమన్నాడు.

అయితే ఫ్రాంజ్ పద్నాలుగు నెలల గడువు అడిగాడు. అంటే హెస్సాకి రెండు సీజన్లలో ఒకటి పోయినట్టే. పైగా ఆమె ఒంటికి సరిపోయే కుందా నమూనా, అంటే భుజానికీ చెంపకీ ఆనించుకునే చెక్క భాగం నమూనా, ముందు తనకి పంపాలన్నాడు. కాగితం మీది కొలతల్ని నమ్మనన్నాడు.

అర్దియా పారిశ్రామిక వాడలో తలుపులు చేసే వర్క్‌షాపులో ఓబులేసు అనే వడ్రంగి ఉండేవాడు. కడప జిల్లావాడు, నా పక్కగది మనిషి. సంగతి చెప్పగానే, తనకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఏమంటాడోనని భయపడ్డాడు.

“తుపాకి చెక్కమంటావా అన్నా? పోలీసోళ్ళకు తెలిస్తే మా కఫీల్ నన్ను యిమానం ఎక్కిస్తాడు. ఖలాస్!”

“తుపాకీ కాదయ్యా బాబూ, ఉత్త చెక్క. గొట్టం పెట్టేవాడు వేరే ఉన్నాడు,” అని నచ్చజెప్పి, అబూ ఖాలిద్‌చేత ఒక ఉత్తరం కూడా రాయించి ఇచ్చాను.

వరసగా నాలుగు శుక్రవారాలు ఓబులేసు చిత్రిక, ఆకురాయి సంచిలో పెట్టుకుని క్లబ్బుకి వచ్చాడు. హెస్సా చాప మీద బోర్లా పడుకుని ఆ చెక్కని భుజానికి ఆనించేది. ఆమె కేసి చూడటానికి అతనికి మొహమాటం. చెక్క మీద సుద్ద పూసి నాతో చెప్పేవాడు: “ఆయమ్మను ఇంగొకసారి చెంప ఆనియ్యమనన్నా. ఊరికే ఆనియ్యాల, అదమకూడదు.” సుద్ద చెదిరినచోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ చిత్రికతో రెండు పొట్టు చుట్టలు తీసి మళ్ళీ సుద్ద పూసేవాడు. నాలుగో శుక్రవారం ఆమె కళ్ళు మూసుకుని చెంప ఆనించి, కళ్ళు తెరిచింది. చూపు తిన్నగా గురి మీద ఉంది. ఆమె లేచి కూర్చుని అరబ్బీలో ఏదో అంది. ఓబులేసు నావైపు చూశాడు. నీ చేతులు చల్లగా ఉండాలంటోందని చెప్పాను. “నా చేతులదేముందన్నా, సుద్ద చెప్పింది, నేను తీసినా,” అన్నాడు.

ఆ రోజే అబూ ఖాలిద్ నన్ను తన గదికి పిలిచాడు. హెస్సా అక్కడే ఉంది.

“ఉస్తాద్, కుందా ఇక్కడే తయారైంది. బోల్టూ బ్యారెలూ తెప్పిస్తాను, లైసెన్సు నేను చూసుకుంటాను. చాంబర్ నువ్వే కోసి బిగించు. మూడు నెలల్లో అయిపోతుంది. పద్నాలుగు నెలలు ఎందుకు?” అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా ఎవరైనా అనాలని నేను ఎదురుచూసిన మాట అది. నాలుగురోజులు గడువు అడిగి వచ్చేశాను. ఆ నాలుగురోజులూ నా నోటుపుస్తకం జేబులోనే ఉంది. లోహాన్ని కోసే లేత్ యంత్రం ముందు నిలబడ్డట్టూ, సన్నటి లోహపు చుట్టలు నా చేతిమీద పడుతున్నట్టూ పగలే కనిపించేది. కాలిన నూనె వాసన కూడా వేసేది.

మూడోరోజు ఆగలేక ఫ్రాంజ్‌కి ఫోను చేశాను. అబూ ఖాలిద్ అన్నదంతా దాచకుండా చెప్పాను. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా, మాటమాటకీ ఆగుతూ మాట్లాడేవాడు.

“ఇప్పటికి ఎన్ని చాంబర్లు కోశారు?”

“ఒక్కటీ లేదు.”

“నేను మొదటి ఆరూ పాడుచేశాను. పాడైనట్టు వాటిలో నాలుగింటికి నాకు తెలియనే లేదు, మా గురువు చెప్పాడు. మీకు అక్కడ చెప్పేవాళ్ళు ఉన్నారా?”

లేరన్నాను. పైగా తయారైన ప్రతి రైఫిల్‌నీ ఆయన తమ దేశంలో ప్రభుత్వ పరీక్షశాలకి పంపుతాడు. అక్కడ మామూలుకంటే బలమైన తూటా కాల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. మా క్లబ్బులో అటువంటి ఏర్పాటు లేదు. చాంబర్ తప్పుగా కోసిన రైఫిల్ పేలితే ముఖానికి జానెడు దూరంలో పేలుతుంది.

ఫోను పెట్టేసే ముందు ఆయన ఒక మాటన్నాడు. “ఆరు వారాలు ఇక్కడికి రండి. పనికిరాని బ్యారెళ్ళు ఇస్తాను, పాడుచేయండి. తరవాత ఆమెది నా ఎదుట మీరే కోయండి. నాకు వయసైంది, వచ్చినవాళ్ళకి నేర్పాలని ఉంది.”

మర్నాడే సెలవు అడిగాను. అబూ ఖాలిద్ మంచివాడే, కానీ ఒప్పుకోలేదు. ఆర్మరర్ లేకుండా ఆయుధాగారం తెరవకూడదన్నది క్లబ్బు నియమం. సీజన్ మొదలవుతోంది. ఆరు వారాలు క్లబ్బు మూసుకోవడం కుదరదన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

ఆ నాలుగోరోజే హెస్సా ఆయుధాగారం కౌంటరు దగ్గరికి వచ్చి సూటిగా అడిగింది. “మీరు చేస్తే ఈ సీజన్ నాకు దక్కుతుంది. చేయగలరా?”

“చేస్తాను మేడమ్. కానీ నేను చేసే మొదటిది మీదవుతుంది. దాని మీద సరే అని సంతకం పెట్టాల్సినవాణ్ణీ నేనే. నేను చేసినదాన్ని నేనే తనిఖీ చేస్తే, అది తనిఖీ కాదు.”

ఆమె భుజం నిమురుకుంటూ నిలబడింది. “మీకు చేయాలని లేదా?” అంది చివరికి.

“చాలా ఉంది,” అన్నాను. నేను ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“అయితే వెయిట్ చేద్దాం,” అని వెళ్ళిపోయింది.

నివేదికలో ఫ్రాంజ్ పేరు రాసి, ఓబులేసు చేసిన కుందా ఆయనకి పంపించాను. రైఫిల్ రావడానికి పదహారు నెలలు పట్టింది. రెండు నెలల ఆలస్యం గురించి ఆయన ఆరు నెలల ముందే రాశాడు. మొదట తీసిన బ్యారెల్ నచ్చక పక్కన పెట్టానని కారణం కూడా చెప్పాడు. 2001 వసంతంలో పెట్టె విప్పితే, లోహం ఆయనది, చెక్క ఓబులేసుదే. దీన్ని మార్చడానికి నాకేమీ కనిపించలేదని చీటీ రాసి పెట్టాడు. ఆ చీటీ చదివి వినిపిస్తే ఓబులేసు రెండోసారి కూడా చదివించుకున్నాడు.

ఆ సీజన్‌లో మిగిలిన పోటీల్లో హెస్సా తన జీవితంలోకెల్లా బాగా ఆడింది. జట్టు ఎంపికలో మూడు పాయింట్ల తేడాతో చోటు తప్పిపోయింది. తరవాత భుజం ఇక సహకరించలేదు. రైఫిల్‌ని క్లబ్బుకే అప్పగించడానికి వచ్చిన రోజున ఆమె నిష్ఠూరమేమీ ఆడలేదు. “ఆ పోయిన సీజన్ కూడా దీనితో ఆడి ఉంటే అని అప్పుడప్పుడు అనిపిస్తుంది,” అని మాత్రం అంది. నాకూ అనిపిస్తుందని చెప్పాను. ఆ రైఫిల్‌ని మరో పదేళ్ళు క్లబ్బులో ఎడమచేతివాళ్ళు వాడారు. ప్రతి ఏడూ నేనే గేజీ పెట్టి చూశాను. చాంబర్‌లో ఎప్పుడూ తేడా రాలేదు.

ఫ్రాంజ్ 2004లో దుకాణం మూసేశాడు. వస్తావా అని అంతకు ముందు రెండుసార్లు రాశాడు. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి వీసా దొరకలేదు. నేను 2011లో ఉద్యోగం వదిలాను. ఒక్క చాంబర్ కూడా కోయకుండానే వృత్తి ముగిసింది. ఇప్పటికీ లేత్ తిరుగుతున్న చప్పుడు ఎక్కడ వినిపించినా ఆగి, అది అయిపోయేదాకా వింటాను.

రైఫిల్ ఎవరిచేత చేయించుకోవాలని కుర్ర షూటర్లు ఇప్పటికీ ఫోను చేసి అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేది ఒకటే. ఏమేమి చేయగలడో తయారీదారుని అడగకండి, అది అందరూ చెబుతారు. ఎన్ని పాడుచేశాడో, అవి పాడైనట్టు ఎవరు పట్టుకున్నారో అడగండి. పాడుచేసినవి లేవనేవాడి దగ్గరా, పట్టుకునేవాళ్ళు లేనివాడి దగ్గరా చేయించుకోకండి. ఆ లెక్కన 1999లో నా దగ్గర కూడా చేయించుకోకూడదు. ఆ నిర్ణయం సరైనదే. దానికి ఆమె ఒక సీజన్ పోగొట్టుకుంది, నేను ఒక పని పోగొట్టుకున్నాను. సరైన నిర్ణయం వల్ల నష్టం ఉండదని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.