ఉప్పు చూడని వంటమనిషి

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. నాది సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నాక డాక్టరు నన్ను తూకం ఎక్కించి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "పన్నెండు కిలోలు తగ్గి రండమ్మా. ఈ ఒంటితో మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించలేను" అన్నాడు. కోనసీమ మనిషికి తిండి తగ్గించమని చెప్పాడంటే ఆయన మా వైపువాడు కాడని వేరే చెప్పక్కర్లేదు. ఈలోగా నా సెలవు అయిపోయింది. కువైట్ తిరిగొచ్చేశాను. ఊళ్లో తమ్ముడు డయాలసిస్ చేయించుకుంటూ నేనెప్పుడు తిరిగొస్తానా అని కూర్చున్నాడు.

ఇక్కడ నా పని సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంట. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టు అంటారు. ఆ పిల్లికి పథ్యం కూడా పెట్టి కాపలా ఉంచితే ఎలా ఉంటుందో నన్నడగండి. పొద్దున్నే నెయ్యిలో ఉల్లిపాయలు వేగాలి. మధ్యాహ్నానికి మాంసమూ బియ్యమూ కలిసి మచ్‌బూస్ అవ్వాలి. సాయంత్రం పిండి ముద్దలు నూనెలో పొంగి పాకంలో మునగాలి. ఆకలి రుచెరగదంటారు. అదెవరి ఆకలో నాకు తెలియదు, నా ఆకలికి మాత్రం అన్ని రుచులూ పేరుపేరునా తెలుసు.

మొదటి నెల మావాళ్ల పద్ధతిలోనే కడుపు మాడ్చుకున్నాను. మా ఇళ్లలో శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు రాత్రి అన్నం ముట్టరు. అన్నం బదులు ఇడ్లీలు తింటారు. లేదా పెసరట్టు, దాని కడుపులో ఉప్మా. ఆపైన గ్లాసుడు పాలు, చక్కెరకేళీలు. తెల్లారి లేచి, రాత్రంతా ఖాళీ కడుపుతో పడుకున్నాం, నీరసంగా ఉందంటారు. అన్నం పడకపోతే ఏమీ తిననట్టే లెక్క. నేనూ అంతే నిష్ఠగా అన్నం మానేసి, ఇక్కడి రొట్టె ఖుబ్బూస్‌తోనూ, ఇడ్లీలతోనూ, ఖర్జూరాలతోనూ ఉపవాసాలు చేశాను. నెలాఖరుకి స్నానాలగదిలో ఉన్న తూకం ఎక్కితే కిలోన్నర పెరిగాను. నేల ఎత్తుపల్లాలుగా ఉందేమోనని దాన్ని గోడవైపు జరిపి మళ్లీ ఎక్కాను. ఇంకో రెండు వందల గ్రాములు కలిశాయి.

ఆరోజు నాకు నవ్వు రాలేదు. అక్కడ తమ్ముడి ఒంట్లోంచి రక్తం గొట్టాల్లోకి పోయి తిరిగొస్తుంటే, ఇక్కడ నేను వాడి కోసం ఇడ్లీలు తింటున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

అప్పుడు మొదలుపెట్టాను నిజం పథ్యం. కీరదోసకాయలు, ఉడకబెట్టిన గుడ్డు, ఒక ఖుబ్బూస్‌లో పావు ముక్క. తమ్ముడు రోజూ సాయంత్రం టీ వేళకి ఫోన్లో కనపడేవాడు. వాడికి ఉప్పు వద్దన్నారు, పప్పు తగ్గించమన్నారు, మంచినీళ్లు కూడా కొలిచి తాగమన్నారు. కోనసీమలో పుట్టినవాణ్ణి పట్టుకుని కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు. అందుకని వాడు తిండిని చెవులతో తినడం మొదలుపెట్టాడు. ఫోన్ తీస్తే ముందు అదే అడిగేవాడు.

"ఏం తిన్నావక్కా ఇయాల?"

కీరదోసకాయ అని చెప్పడానికి నోరు రాలేదు. నా పథ్యం సంగతి తెలిస్తే, నా కోసం అక్క కడుపు మాడ్చుకుంటోందని వాడు ఆపరేషనే వద్దంటాడని భయం. డాక్టరు చెప్పిన షరతు అందుకే వాడి దాకా పోనివ్వలేదు. సెలవు దొరకలేదనే చెప్పాం. అందుకని ఆపూట ఇంట్లో ఎవరికి ఏం వండానో అదంతా నేనే తిన్నట్టు చెప్పేదాన్ని. రొయ్యల అన్నం, మేకమాంసం, కుంకుమపువ్వు వేసిన పాయసం. వాడు కళ్లు మూసుకుని వినేవాడు. మధ్యలో ఆపి, "మసాలా ఎప్పుడేశావు? ముందా, ఆఖర్నా?" అని అడిగేవాడు. నేను కడుపులో పేగులు అరుస్తుంటే జవాబు చెప్పేదాన్ని.

శుక్రవారం సెలవు. అర్దియాలో మా వైపు ఆవిడ ఒకరి గదికి వెళ్లేదాన్ని. నేను వదినా అంటాను, ఆమె నన్నూ వదినా అనే అంటుంది. నా సంగతంతా ఆమెకు తెలుసు. తెలిసే, ఊరి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా మూత తీసింది.

"వద్దొదినా, తగ్గాలి కదా" అన్నాను.

"తగ్గుదూగాని. ఆపరేసను చేయించుకునే మనిసికి ఒంట్లో బలం ఉండద్దేటి? ఈ ఒక్కటీ తిను. నెయ్యి ఇంటిదే."

"డాక్టరు ఒప్పుకోడు."

"డాక్టరుకి నేను చెప్పనులే. తినకపోతే నా మీదొట్టే."

మా జిల్లాల్లో మర్యాదకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టినవాళ్లు లేరు. ఒక్కటి తిన్నాను. ఒక్కటే పెట్టకూడదని ఇంకోటి పెట్టింది. వచ్చేటప్పుడు ఉత్తచేతుల్తో పంపకూడదని పొట్లం కట్టిచ్చింది. ఆ పొట్లం బస్సులో పక్కన కూర్చున్న నేపాలీ అమ్మాయి చేతిలో పెట్టి మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆ పిల్ల నమిలే చప్పుడు సబా అల్ సలేం దాకా వినపడుతూనే ఉంది.

ఇంట్లో ఇంకో గండం మా మామా. మామా అంటే ఇంటి యజమానురాలు, మేమందరం అలాగే పిలుస్తాం. ఆవిడ అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడుతుంది, నాకు మాత్రం తెలుగులోనే వినపడుతుంది. ఆవిడకీ డైటే. ఇక్కడ డబ్బున్నవాళ్లు డైట్ చేయడానికి ఒక కంపెనీని పెట్టుకుంటారు. పొద్దున్నే ఒక సంచీ గుమ్మంలోకి వస్తుంది. అందులో ఉడికించిన కోడిముక్క, ఆకుకూర, వేలెడంత రొట్టె చిన్నచిన్న డబ్బాల్లో ఉంటాయి. మామా వాటిని పద్ధతిగా తిని, డైట్ పూర్తయింది కాబట్టి భోజనానికి కూర్చునేది.

"నువ్వు చిక్కిపోతున్నావు. పక్కింటివాళ్లు నేను నీకు తిండి పెట్టడం లేదనుకుంటారు. యల్లా, తిను" అని నా కంచంలో మాంసం గుమ్మరించేది. ఆవిడ పరువు నా పొట్టలో ఉందని అప్పుడే తెలిసింది.

వంట చేసేటప్పుడు చూసే ఉప్పూ కారమూ కూడా తిండే కదా అని చివరికి అదీ మానేశాను. మా అమ్మ వ్రతాలకి వండితే ఒక్క మెతుకు నాలిక్కి తగలనిచ్చేది కాదు, దేవుడి కంటే ముందు రుచి చూడకూడదని. ఆ మడి నాకూ వచ్చు. మేకమాంసాన్ని నైవేద్యంలా వండిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు మామా అక్కచెల్లెళ్లు భోజనానికి వచ్చారు. ఆ హడావుడిలో మచ్‌బూస్‌లో ఉప్పు రెండుసార్లు పడింది. మొదటి ముద్దకే అందరి చేతులూ నీళ్లగ్లాసుల మీదికి వెళ్లాయి.

చుట్టాలు వెళ్లాక మామా వంటింట్లోకి వచ్చింది. "రుచి చూడలేదా?"

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే పోనీ, నిజం చెప్పి పోదామని అంతా చెప్పేశాను. మామా చాలాసేపు నా నడుం వైపే చూసింది, కిడ్నీ పైకి కనపడుతుందేమో అన్నట్టు.

"ఖలాస్. ఈరోజు నుంచి ఉప్పు నేను చూస్తాను. నా డబ్బాలు నువ్వు తిను" అంది.

ఆ త్యాగానికి నాకు కళ్లు చెమర్చాయి. మర్నాడు ఆవిడ ఉప్పు చూసిన తీరుకి ఆ చెమ్మ ఆరిపోయింది. పొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని, కంచం పట్టుకుని, ఈ అంచున సరిపోయింది, అడుగున ఎలా ఉందో చూడాలంటూ గిన్నె చుట్టూ ప్రదక్షిణ చేసింది. డైట్ కంపెనీవాళ్లు ఫోన్ చేసి ఫలితం ఎలా ఉందని అడిగితే, "అద్భుతం. మా ఇంట్లో మనిషి సగమైపోయింది" అని చెప్పింది. అబద్ధం కాదు. ఆవిడ పెరిగింది, నేను తరిగాను.

వేసవి ముదిరేసరికి తూకం మీద డాక్టరు అడిగిన అంకె కనపడింది. దాన్ని గోడవైపు జరిపి కూడా చూశాను. అంతే ఉంది. మామా సెలవిచ్చింది, టిక్కెట్టూ తీసింది. ఆ సాయంత్రం పెరటి మెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. సెలవు దొరికిందని చెబుదామని నోరు తెరిచేలోపే వాడడిగాడు.

"ఏం తిన్నావక్కా ఇయాల?"

"జుబైదీ చేప. మన చందువా లేదూ, అదే. వేయించి అన్నం మీద పెట్టాను. రెండు ముక్కలు తిన్నాను."

వాడు కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

"గాజులు మోచేతి దాకా జారిపోతన్నాయక్కా. ఫోను పట్టుకున్నప్పుడల్లా చూత్తన్నాను."

నేను చెయ్యి కిందికి దించేశాను.

"డాక్టరు గారు మొదట్లోనే చెప్పేశారు నాకు. నువ్వు తిండి కబుర్లు చెప్పుకుంటా పోతంటే ఎలా ఆపను? ఆ కాసేపే కదా నేను తినేది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వాడు నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగాడు.

"సరేగాని, చేప సంగతి చెప్పు. ఉప్పు సరిపోయిందా?"

ఉప్పు తినకూడనివాడు అడుగుతున్నాడు, ఉప్పు చూడనిదాన్ని నేను చెప్పాలి.

"సరిగ్గా సరిపోయిందిరా" అన్నాను.