రెండోసారి అడగని దేశం

మొన్న మనవరాలి వెంట తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసుకు వెళ్ళాను, పిల్లలను పైచదువులకు విదేశాలకు పంపే ఆఫీసు. కాఫీ తాగుతారా అవ్వా అని అక్కడి అమ్మాయి అడిగితే అలవాటు కొద్దీ వద్దమ్మా అన్నాను, అయినా తెచ్చి చేతిలో పెట్టింది. ఆలోచించుకుని చెప్తానని మనవరాలు లేచి వచ్చేస్తే, మేము ఇల్లు చేరేలోపే మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి, ఏమనుకున్నారు, చేరతారా అని బతిమాలినట్టు అడిగారు. ఆటోలో కూర్చుని అది వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా రోజుల్లో ఇలాంటి ఆఫీసులు ఎక్కడివి? చిత్తూరులో మా పెదనాయన ఇంటి వరండాయే ఆఫీసు. మా నాయనకు అన్న ఆయన. ఇంగ్లండులో చదివి, మద్రాసులో పాఠాలు చెప్పి, రిటైరై సొంత ఊరు చేరాడు. యుద్ధం ముగిసి ఓడలు మళ్ళీ మామూలు ప్రయాణికులను ఎక్కించుకుంటున్న కాలమది. ఆదివారం పొద్దున్నే పుత్తూరు నుంచీ గూడూరు నుంచీ కుర్రవాళ్ళు వచ్చి బెంచీల మీద కూర్చునేవారు. ఏ కాలేజీకి రాయాలి, ఉన్నికోటు ఎక్కడ కుట్టించాలి, ఓడలో కడుపు తిప్పితే ఏం చేయాలి, అన్నీ ఓపికగా చెప్పేవాడు.

మధ్యాహ్నం భోజనం కూడా అక్కడ పాఠమే. పెద్దమ్మ సంగటి వడ్డించి, ఇంకొంచెం పెట్టనా అని ఒకసారే అడగాలని ఆయన కట్టడి. మన వైపు వద్దంటే ఇంకోసారి అడగమని కదా అర్థం, మూడోసారికి గానీ ఎవరూ కంచం ముందుకు జరపరు. వద్దులేమ్మా అని పిల్లలు అనడం, పెద్దమ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోవడం, వాళ్ళు సగం కడుపుతో బిక్కమొహాలు వేయడం. అప్పుడు పెదనాయన నవ్వకుండా చెప్పేవాడు.

"ఆడ ఒగసారే అడగతారప్పా. వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు. మొదట్లో నేను ఆకలితోనే పండుకున్నా."

పెద్దమ్మకు మాత్రం మనసొప్పక, చేతులు కడుక్కునే చోట వాళ్ళ జేబుల్లో అరటిపండ్లు కుక్కి పంపేది.

నేనూ మా మేనత్త కూతురూ ఆ ఇంట్లోనే ఉండి బడిలో పంతులమ్మలుగా పనిచేసేవాళ్ళం. నాకంటే కాస్త పెద్దది, వదినా అని పిలిచేదాన్ని. ఒకే మంచం మీద పడుకుని, ఒకరి జడ ఒకరం వేసుకునేవాళ్ళం. ఇంగ్లండు వెళ్ళి పసిపిల్లలకు చదువు చెప్పే పద్ధతులు నేర్చుకోవాలని నాకు ఒకటే తపన, కలలో కూడా ఓడ ఎక్కేదాన్ని. అలాంటి రోజుల్లో అక్కడి ఒక కాలేజీ వాళ్ళు పెదనాయనకు కబురు పెట్టారు, ఒక పంతులమ్మను ఉచితంగా చదివిస్తాం, పేరు చెప్పమని. ఒక్కరినే.

ఆయన మా ఇద్దరినీ వరండాలోకి పిలిచి సంగతి చెప్పి, పోతావా అమ్మా అని ముందు నన్నే అడిగాడు. వదిన పక్కనే నిలబడి ఉంది. ఆమె ముందర నేను పోతానని ఎలా అనడం?

"వదినను పంపు పెదనాయనా," అన్నాను.

అని, ఆయన ఇంకో మాట అడుగుతాడని చూస్తూ నిలబడ్డాను. ఆయన తల ఊపి, వదిన వైపు తిరిగి అదే మాట అడిగాడు. వదిన నన్నొకసారి చూసి నేల చూపులు చూసింది.

"పోతా మామా."

ఆయనది తప్పని ఏనాడూ అనుకోలేదు. వదినదీ కాదు, ఆ వరండాలో పాఠం నాకంటే బాగా నేర్చుకుంది, అంతే. ఆమెను రైలెక్కించి ఇంటికి వచ్చాక ఆ మంచం మీద చోటు ఎక్కువైపోయి ఏడ్చాను. తర్వాత నా జడ నేనే వేసుకోవడం అలవాటైంది. వదిన అక్కడే పనిలో చేరి అక్కడే ఉండిపోయింది. నాకూ పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బడి మానలేదు. కానీ నాకు అసలు ఆశే లేదని పెదనాయన పోయేదాకా నమ్మాడు.

కాలం ఎలా తిరగబడిందో చూడండి. దేశం దాటించే ఆఫీసువాళ్ళేమో వద్దన్నా అడుగుతున్నారు. ఇళ్ళలోనేమో గిన్నెలు బల్ల మీద పెట్టి, కావలసింది పెట్టుకోమంటున్నారు, ప్రేమ లేక కాదు, ఎవరి తొందర వాళ్ళది. ఆ రోజు ఇల్లు చేరి అన్నాలకు కూర్చుంటే, ఇంకొంచెం పెట్టనా అవ్వా అంది మనవరాలు. వద్దన్నాను. సరేనని గిన్నె మీద మూత పెట్టేసింది. వెళ్ళబోయే దేశానికి ఆ పిల్ల అప్పుడే తయారైపోయింది. నేనే, ఇంత వయసొచ్చినా, చేయి కడుక్కోకుండా కంచం ముందు ఇంకాసేపు కూర్చున్నాను.