నా ఫోన్‌ల అరిచిన కాకులు

నోరు జారని మనిషి ఉండడు. ఎవలైనా ఇంట్లనో, హోటల్లనో జారుతరు. నేను జారింది మాత్రం ఒక పెద్దమనిషి సావు దగ్గర, ఊరు ఊరంత నిలవడ్డ జాగల, రెండు బరాతు స్పీకర్ల నుంచి. అందుకే ముందుగాలనే చెప్తున్న, ఈ ముచ్చట మంచిగ ముగియది. మీరు నవ్వితే నాకేం ఫికర్ లేదు. ఆ రోజైతే ఒక్కరు సుత నవ్వలే.

ఎనిమిదేండ్ల కింద నాకు నలభై దాటినయి. బుద్ధి మాత్రం నాకంటె ఇరవై ఏండ్లు చిన్నది. జనగామల నాకు మోటార్ వైండింగ్ షాపుండె. దంతాలపల్లి ఐలయ్య కాలిపోయిన బోరు మోటార్లు నా దగ్గరికి మోసుకొచ్చి మోసుకొచ్చి దోస్తయిండు. ఆయన కొత్తగ ఒక పాత వ్యాను కొన్నడు. దాని ఇంజను దగ్గుకుంట నడిచేది గని స్పీకర్లు మాత్రం పులి లెక్క గాండ్రించేటివి. పాత ఓనరు పెండ్లి బరాతులకు తిప్పినోడట.

"సత్తన్నా, నాలుగొద్దులు తిరిగొద్దాం" అన్నడు. నేను షటర్ దించి ఎక్కిన.

గూడూరు అడవిల భీముని పాదం, బయ్యారం చెరువు, రామప్ప, గణపురం కోటగుళ్లు, అన్నీ చూసినం. పోయిన ప్రతి జాగల నేనొక కథ అల్లిన. భీముడు కాలు పెట్టంగ మా ముత్తాత ఆయన చెప్పులు పట్టుకొని నిలవడ్డడని చెప్తే, ఒక ముసలవ్వ నాకు దండం పెట్టింది.

"నీ నోట్లె నుంచి నిజం తియ్యాల్నంటె పెద్ద దవాఖానల ఆపరేషన్ చెయ్యాలె" అన్నడు ఐలయ్య.

నాలుగో రోజు, ఆఖరి రోజు, పొద్దుగాలనే పాండవుల గుట్ట ఎక్కినం. ఎర్రరంగు బొమ్మలు చూసి, ఒక బండ మీద కూసొని రొట్టె, చికెన్ ఇప్పుకున్నం. ఐలయ్య తినుడు పక్కకు పెట్టి గుట్ట కిందికి చూసుకుంట అన్నడు:

"ఇంటికి మళ్లే ముందు ఒక తాన ఆగాలె."

"ఇంకేం గుడి మిగిలింది?"

"గుడి కాదు. మా అక్క."

అప్పుడు తెలిసింది నాకు ఈ తిరుగుడు దేనికో. ఐలయ్య అక్క లచ్చవ్వను మొగుళ్లపల్లి పక్క ఊరికిచ్చిన్రు. అప్పటికి ఆరేండ్ల కింద ఆమె బిడ్డ పెండ్లి. మేనమామ పెండ్లిపిల్లను ఎత్తుకొచ్చి పీటల మీద కూసోవెట్టాలె, అంతకంటె ముందు మేనమామకు శాలువా కప్పాలె. అక్క మామ మల్లయ్య ఆ శాలువా తీస్కపోయి ఊరి సర్పంచికి కప్పిండు. "గాయన్నే ఎత్తుకొమ్మనున్రి" అని ఐలయ్య లేచి ఎల్లొచ్చిండు. పిల్ల తలకాయ వంచుకొని ఒక్కతే నడుసుకుంట పోయి కూసున్నది. గప్పటి సంది అక్కకు తమ్మునికి మాటల్లేవు.

"ఒక్కన్నే పోతే గడపల అడుగు వడదన్నా. నువ్వుంటె మాట నువ్వు కలుపుతవు గదా" అన్నడు.

నా నోటి మీద నమ్మకం పెట్టుకున్న మనిషి లోకం మీద ఆయనొక్కడే. ఆయన గతి ఏమైందో ఇగ ఇనున్రి.

మేం మాట్లాడుతుంటెనే పది పన్నెండు కాకులు మీదవడ్డయి. ఒకటి ఐలయ్య చేతిలున్న లెగ్ పీసే ఎత్తుకపోయింది. నేను ఫోన్ తీసి ఆ గత్తరంత వీడియో తీస్కుంట, నా కూతలు నేను కూసుకుంట పోయిన. ఏం కూసిన్నో దిగేటప్పటికి నాకు యాది లేదు. నేనన్నయి నాకెన్నడు యాదుండయి. ఇన్నోళ్లకే ఉంటయి.

పది గొట్టంగ అక్క ఊరు చేరినం. ఇంటి ముంగట షామియానా, కుర్చీలు, అరుగు మీద దండేసిన ఫోటో. ఫోటోల మల్లయ్య. పోయి అప్పటికి మూడొద్దులు. మాకు కబురే లేదు.

ఐలయ్య వ్యాను దిగి కట్టె లెక్క నిలవడ్డడు. నా ఒంటి మీద చిలకల బొమ్మల పచ్చంగి, నల్ల కండ్లద్దాలు. లచ్చవ్వ మమ్ముల చూసి ఉరికొచ్చి తమ్ముని మెడ మీద వడి ఏడ్చింది.

"వచ్చినవా తమ్మీ! నీకు చెప్పొద్దన్నడు మీ బావ. ఎవలు చెప్పిన్రు నీకు?"

ఐలయ్య నోరు తెరిచిండు. నిజమే చెప్తుండెనేమో. నేను ఆగితినా?

"ఎవలు చెప్పాలె అక్కా? మామనే కలలకొచ్చిండట! 'ఐలిగా, పోతున్న బిడ్డా, అక్కను చూసుకో' అన్నడట. ఈయన లేచి ఒకటే ఏడుపు. దంతాలపల్లి నుంచి ఒక్క తాన ఆగకుంట ఉరికొచ్చినం!"

"గట్లనా తమ్మీ!" అని అక్క ఇంకింత ఏడ్చింది. బావ మాత్రం నా అంగిని కిందికి మీదికి చూసిండు.

"మరి గీ చిలకలేంది?"

"చేతికి దొరికింది తొడుక్కున్న బావా. దుఃఖంల కండ్లు కనవడ్తయా?"

"కండ్లద్దాలు సుత చేతికి దొరికినట్టున్నయి."

ఐలయ్య నా చెయ్యి గిచ్చిండు. శభాష్ అన్నట్టు అనుకున్న.

ఆ రోజే పిట్టకు పెట్టుడు. ఊరి బయట చెలకల ఇస్తారేసి అన్నం, మటన్, కోడిగుడ్డు పెట్టి, పక్కన కల్లు ముంత, బీడీల కట్ట పెట్టిన్రు. అందరం దూరంగ తుమ్మచెట్ల వెనక నిలవడ్డం, ముసలోళ్లను ఎక్కించుకొచ్చిన మా వ్యాను సుత ఆడనే ఉండె. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అది ముట్టేదాకా ఇంట్ల ఎవలు మెతుకు ముట్టరు.

కాకి రాలే. కొడుకు, అదే బావ, పోయి మొక్కిండు: "బాపూ, బాయికాడి చింతచెట్టును కొట్టనియ్య, తిను." కాకి రాలే. మల్లయ్య పెండ్లాం పోయి మొక్కింది: "నీ బర్రెను అమ్మనియ్య, తినయ్యా." రాలే. ఎండ నెత్తి మీదికొచ్చింది. పెద్దోళ్లు తువ్వాలలు కప్పుకొని కూలవడ్డరు.

అప్పుడు మల్లయ్య చెల్లె, ఒక ముసలవ్వ, ఐలయ్య దిక్కు తిరిగింది.

"శాలువా ముచ్చట మా అన్న మనసుల ఉండిపోయింది బిడ్డా. తప్పు చేసిన్నని మంచంల పడ్డంక సుత అనెటోడు. నువ్వు పోయి ఒక మాట చెప్పు."

ఐలయ్య చెప్పులిడిచి పోయిండు. ఇస్తారి ముంగట మోకాళ్ల మీద కూసున్నడు. "మామా, నాది సుత తప్పే. పిల్లను ఎత్తుకోకుంట పోవుడు నాదే తప్పు. అక్కను ఇడిచిపెట్ట. తినే మామా." లచ్చవ్వ వచ్చి తమ్ముని చెయ్యి పట్టుకున్నది. బావ సుత తలకాయ వంచుకొని తువ్వాలతోని ముక్కు తుడుసుకున్నడు. ఇప్పుడు కాకి ముట్టిందంటె చాలు, ఆరేండ్ల పంచాది పెద్దమనిషే తెంపినట్టు.

తుమ్మకొమ్మ మీదికి ఒక కాకి వచ్చింది. ఇస్తారి చూసింది, మమ్ముల చూసింది, మొఖం పక్కకు తిప్పుకున్నది.

ఐలయ్య వెనకకు మళ్లి నాదిక్కు చూసిండు. ఆ చూపుకు అర్థం 'నువ్వు ఊకో' అని. నాకేమో 'సత్తన్నా, ఏదన్న చెయ్' అన్నట్టు కనవడ్డది.

మెరుపు లెక్క ఒక ఉపాయం తట్టింది. నా ఫోన్‌ల పన్నెండు కాకులున్నయి! ఆ అరుపులు జరంత ఇనిపిస్తే ఊర్లున్న కాకులన్నీ దిగయా? మెల్లగ పొదల వెనకకు జారి, వీడియో నొక్కి, ఫోన్ తుమ్మచెట్టు దిక్కు లేపి పట్టుకున్న. ఫోన్‌ల సప్పుడే లేదు.

సప్పుడు వ్యానులకెల్లి వచ్చింది. నాలుగొద్దులు పాటలు పెట్టీ పెట్టీ, నా ఫోన్ బ్లూటూతు ఆ స్పీకర్లకు అలవాటు వడ్డది. తనంతట తనే పోయి అతుక్కున్నది.

"కావ్! కావ్! కావ్!" చెలక దద్దరిల్లింది.

"పిట్టలొచ్చినయ్! పిట్టలొచ్చినయ్!" అని జనమంత లేచి దండాలు పెట్టిన్రు. "మామా, తినే!" అని లచ్చవ్వ చేతులు జోడించింది. "యాడున్నయే, కనవడ్తలేవు?" అని బావ మొగులు దిక్కు చూస్తున్నడు. నేను వీడియో ఆపబోయిన. చెమట చేతికి బటన్ దొరకలే. దొరికింది సప్పుడు పెంచే బటన్.

కాకులు ఆగినయి. నా గొంతు మొదలైంది.

"ఐలిగా, గా మల్లయ్యకు ఎనభై దాటినయంటివి. ఇంకెన్నేండ్లు కూసుంటడురా? యముడు మొగుళ్లపల్లి దారి మర్చిండా ఏంది?"

ఖల్ ఖల్ మని నవ్వు. అది ఐలయ్యది.

"ఓ పాండవుల గుట్ట కాకుల్లారా! గింత చికెన్ ముక్కకు కొట్టుకుంటరెందుకే? జర ఓపిక పట్టున్రి. మల్లయ్య పిట్టకు పెట్టే రోజు మటనే ఉంటది!"

మల్ల నవ్వు. కడుపు పట్టుకొని, బండ మీద దొర్లి నవ్విన నవ్వు. దాని వెనక నాదే మాట: "నాలుగొద్దులు మస్తు తిరిగినం పో!"

అప్పటికి బటన్ దొరికింది. నాకంటె గొప్పోడైతే ఆ నిమిషం గుండె ఆగి పోతుండె. నాది ఆగలే, సిగ్గులేకుంట కొట్టుకున్నది.

ముందుగాల బావ నోరిప్పిండు.

"కలలకొచ్చిండన్నవు గదా? ఏ గుట్ట మీదికి వచ్చిండు?"

లచ్చవ్వ బావను చూడలే, నన్ను చూడలే. తమ్ముని చెయ్యి ఇడిచింది.

"నువ్వు నవ్వినవా తమ్మీ?"

కూసింది సత్తన్న అక్కా, నాకు ఎరుక లేదు అక్కా, బతికే ఉన్నడనుకున్న అక్కా. ఇట్ల ఎన్ని మాటలన్న చెప్పొచ్చు. నేనైతే పద్దెనిమిది చెప్పేటోన్ని. ఐలయ్య ఒక్కటే చెప్పిండు.

"నవ్విన అక్కా."

"గప్పుడు మండపంల నుంచి లేచి పోయినవ్. ఇయ్యాల సుత పో."

నేను మధ్యల పడి, పాడువడ్డ దాన్ని బాగుచేద్దామని, అలవాటు కొద్దీ అన్న: "సరే అక్కా, పోయొస్తం!"

సావు జరిగిన తాన పోయొస్తమనరు. పుట్టి బుద్ధెరిగిన ఎవలైనా అనరు.

"మల్ల వస్తవా?" అన్నడు బావ. "ఈసారి ఎవలి కోసం?"

వ్యాను కదిలింది. మూల మలుపు దాకా పోలే, అద్దంల చూసిన. యాడికెల్లి వచ్చినయో, ఒకటి, రెండు, ఐదు, నల్లగ దిగినయి ఇస్తారి మీద. "ముట్టింది! ముట్టింది!" అని ఒకటే కేక. ఆ కేకను మించి ముసలవ్వ గొంతు ఖంగుమన్నది:

"గీళ్లు పోవాల్నని చూసిండమ్మా మా అన్న!"

ఊరంతటికి సమజైంది మల్లయ్య ఆఖరి కోరికేందో. లచ్చవ్వకు సుత సమజైంది.

చిట్యాల దాకా ఐలయ్య ఒక చేత్తోనే బండి నడిపిండు. ఆయన కండ్లు తుడుసుకుంటున్నడని నేను రోడ్డు దిక్కు చూసిన. ఆ ఉపకారం ఒక్కటి చేసిన. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయినంక ఉండవట్టలే.

"ఎట్లయితేంది ఐలయ్యా, పిట్టయితె ముట్టింది గదా. మనం పోవట్టే ముట్టింది. ఆ పుణ్యం మనదే."

వ్యాను ఆగింది.

"దిగు."

"గిక్కడ బస్సాగదు గదనే?"

"ఎరికె."

రెండు దిక్కుల పత్తి చేండ్లు, నడుమ చిలకల అంగిల నేను. బస్సులు ఆగలే. ఒక పత్తి ట్రాక్టరు ఆగింది.

అక్కాతమ్ముళ్లు ఇయ్యాలటికి మాట్లాడుకోరు. ఐలయ్య మోటార్లు ఇప్పుడు తొర్రూరుల చుట్టిస్తున్నడు. వాటికి అక్కడ వైండింగ్ మంచిగ కాదని నాకు ఎరికె, ఆయనకు సుత ఎరికె.

అందుకని, ఈ ముచ్చట సదివిన మీ అందరి సాక్షిగ, రెండు చేతులు జోడించి ప్రమాణం చేస్తున్న. ఇగ నా జన్మల ఏ ముసలాయన మీద గూడ ఊకనే జోకెయ్య. ముందుగాల ఇంటికి ఫోన్ చేస్త. ఆయన ఉన్నడా పోయిండా అడుగుత. ఉన్నడంటె, ఆయన్నే ఫోన్ల మాట్లాడియ్యమంట. గొంతు ఇన్నంకనే ఏస్త.