నడుములు తొక్కిన పాదం

మోకాళ్లు మడిచి చాప మీద వెల్లకిలా పడుకోమని, వీపులో ఏ భాగం నేలకు ఆనుతోందో, ఏ భాగం ఆనకుండా పైకి లేచి ఉందో కళ్లు మూసుకొని చూసుకోమని చెబుతుంది, కొత్తగూడెం దవాఖానాలో ఫిజియోథెరపీ చేసే పిల్ల. మాత్రలకు లొంగని నా నడుము నొప్పికి డాక్టరు ఆ పిల్ల దగ్గరికి పంపారు. సూదీ లేదు, మందూ లేదు. ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో, బిందె ఎత్తేటప్పుడు ఎక్కడ వంగాలో పసిపిల్లకు నేర్పినట్టు నేర్పుతుంది. మొన్న నా నడుము కింద అరచెయ్యి దూర్చి చూసి, "అమ్మమ్మా, పండుకొని గూడ నీ బరువు నువ్వే మోస్తున్నవ్. ఇడిచిపెట్టు, నేల మోస్తది" అన్నది. బరువు అనే మాట వినగానే నా మనసు ఎక్కడికో పోయింది.

మాది దమ్మపేట అవతల అడవి అంచు పల్లె. నేను పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు వచ్చాయట. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం, మీలోనూ చాలామంది ఎరిగే ఉంటారు. నాకు నడక సరిగ్గా కుదరకముందే నాట్లు వేసి వంగిపోయిన ఆడవాళ్లు, తునికాకు మోపులు మోసినవాళ్లు మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. నాయన దూలానికి తాడు కట్టాడు. దాన్ని పట్టుకొని సగం బరువు తాడు మీద, సగం బరువు వాళ్ల నడుము మీద ఉంచి మెల్లగా తొక్కేదాన్ని. బడికి పోవలసిన పొద్దులన్నీ అలాగే పోయాయి. మొహాలు మరచిపోయాను గానీ వీపులు మరవలేదు. పాదం ఆనగానే ఒక్కొక్కరు ఒక్కో తీరున మూలిగేవారు, ఆ మూలుగును బట్టే ఎంత బరువు వెయ్యాలో తెలిసేది.

బొగ్గుబాయి కార్మికునికిచ్చి పెండ్లి చేశాక ఆ తాడూ నాతోపాటు క్వార్టరుకు వచ్చింది. బాయిలో కప్పు కిందికున్న చోట పొద్దంతా వంగి పనిచేసే మనుషులు షిఫ్టు దిగి, స్నానాలు చేసి మా ఇంటికే వచ్చేవారు. అందరి నడుములూ తొక్కేదాన్ని, ఒక్క మా ఆయనది తప్ప. పెండ్లాం కాలు మొగుని మీద పడితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్త మొదటి రోజే చెప్పేసింది. నేనూ నమ్మాను. చేతులతో నూనె రాసేదాన్ని గానీ ఆ వీపుకు చేతుల బలం చాలేది కాదు. పక్క క్వార్టరులో ఉండే కుర్రాడు మా ఆయన్ని ఊరుకోనిచ్చేవాడు కాదు. "ఏందన్నా, ఇంట్లనే దవాఖానా పెట్టుకొని గిట్ల వంగి తిరుగుతున్నవ్?" అనేవాడు. ఆయన నవ్వేసేవాడు. ఏడాదికేడాది ఇంకొంచెం వంగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నమే, బాయిలో నడుము పట్టేసిందని ఇద్దరు మనుషులు ఆయన్ని భుజాల మీద మోసుకొచ్చి చాప మీద బోర్లా పడుకోబెట్టి పోయారు. ఇక లేవలేకపోతే బాయి పని పోతుంది, పనితోపాటు క్వార్టరూ పోతుంది. నేను తాడు కింద నిలబడ్డాను. గడప మీద మా అత్త కూర్చొని ఉంది. ఆమె నన్ను చూసింది, కొడుకును చూసింది, కొంగు సవరించుకొని లేచింది.

"నేను పక్కింటికి పోతున్న. జల్దీ రాను" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

తాడు పట్టుకున్నాను గానీ పాదం ఆనించి అలాగే ఉండిపోయాను. ఆయన మొహం తిప్పకుండానే, "ఎయ్యి బరువు. ఊరందరి మీద ఏసినవ్ కదా" అన్నాడు. అప్పుడు వేశాను. ఆయన మూలుగు ఎలా ఉంటుందో కాపురానికి వచ్చిన అన్నేళ్లకు మొదటిసారి విన్నాను. నిద్రపోబోయే పసివాడు చేసే చప్పుడులా సన్నగా, పొడుగ్గా ఉంది.

ఆయన వంపు పూర్తిగా పోలేదు గానీ, కొన్నాళ్లకు లేచి మళ్లీ బాయి దిగాడు, రిటైరయ్యేదాకా దిగాడు. ప్రతి ఆదివారం అన్నం తిన్నాక మా అత్త ఎవరూ చెప్పకుండానే పక్కింటికి పోయేది. ఏం పనని ఎవరమూ అడగలేదు.

అత్త పోయింది, ఆయనా పోయాడు. కిరాయి ఇంట్లో స్లాబుకు దూలం ఉండదు, తాడు పెట్టెలో ఉంది. నా నడుము తొక్కేందుకు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని మా వీధిలో అడిగితే నవ్వారు. కాళ్లు ముందున్నాయని స్కానింగులో తెలియగానే ఆపరేషన్ చేసి తీస్తున్నారట. మంచిదే, తల్లీ బిడ్డా బతుకుతున్నారు. నాలాంటి వాళ్లు మాత్రం ఇక పుట్టరు.

ఆ పిల్ల చెప్పినట్టే పొద్దున పూట తలుపు దగ్గరికి వేసి చాప మీద పడుకుంటున్నాను. కొంచెం కొంచెంగా నడుము నేలకు ఆనుతోంది, నొప్పీ తగ్గుతోంది. ఆమె చెప్పింది నిజమే, నేల నా బరువంతా మోస్తుంది. ఎంత బరువు వేసినా మూలగదు, అంతే.