దోన్యా బ్రిహిదా చిమ్మట

మంగలి దోన్ ఎలియోదోరో దేన్నైనా సహిస్తాడు గానీ, చిమ్మటను ఎవరైనా తప్పు పేరుతో పిలిస్తే సహించడు. గడ్డం గీస్తుండగా గోడమీద ఒకటి వాలిందంటే కత్తి పక్కన పెట్టి భూతద్దం అందుకుంటాడు. మేయరు ఒకసారి సగం మీసంతోనే కూతురి పెళ్లికి వెళ్లాడు. ఇంకోసారి ఫాదర్ ప్రసంగంలో చిమ్మటను సీతాకోకచిలుక అంటే, ఈయన బెంచీ మీంచి లేచి ఆ రెండు పురుగుల మీసాల తేడా వివరించి గాని కూర్చోలేదు.

ఆయన్ని అందరికంటే ఎక్కువగా ఏడిపించేది తోర్తియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, అమ్మే ఒదిలియా.

"మీ ఆవిడ పేరైనా గుర్తుందా, దోన్?"

"రెక్కమీద గుర్తుంటే చెప్పేవాణ్ణి."

అలాంటి ఒదిలియాయే ఒక ఉదయం ఆయన కొట్టుకు పరుగెత్తుకొచ్చింది. తల్లి దోన్యా బ్రిహిదాకు జ్వరం తగ్గి రెండు రోజులైంది. తెల్లవారేసరికి మంచం పైగోడమీద జానెడు నల్ల చిమ్మట. జబ్బు మనిషి ఇంట్లో నల్ల చిమ్మట వాలితే ఇక చావేనని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ముసలామె కోడి రసం తోసేసి, నీలం గౌను ఇస్త్రీ చేయమంది, తనను శవపెట్టెలో పడుకోబెట్టడానికి. చిమ్మటను ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

"మిమ్మల్నైతే రానిస్తానంది. తీసేయండి. దాని పేరు మాత్రం అమ్మ ముందు పలకకండి," అంది ఒదిలియా.

"చూడకుండా మాటివ్వను," అన్నాడాయన.

ముసలామె మంచం పక్కన కుర్చీ ఎక్కి, భూతద్దం పెట్టి మొదలుపెట్టాడు. "వేయించిన కాఫీ గింజ రంగు. ఆడది. రెక్కలకు అడ్డంగా లేత గులాబీ చార. ముందు రెక్క అంచున..."

ఒదిలియా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చావు తెస్తుందనే చిమ్మటకు ఆ అంచున కామా ఆకారపు గుర్తుంటుంది. తోర్తియాలు కొన్నప్పుడల్లా ఆయనే చెప్పేవాడు.

ముసలామె ఒక కన్ను తెరిచింది. "అంచున?"

ఆయన చిమ్మటను రెండు చేతుల్లోకి మెల్లగా తీసుకున్నాడు. రెండు రెక్కల గుర్తులమీదా రెండు బొటనవేళ్లు పెట్టాడు.

"అంచున ఏమీ లేదు. మీరు భయపడే జాతికైతే గుర్తుండాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. కొత్తది. ఎవరింట దొరికితే వాళ్ల పేరే పెట్టాలి."

దోన్యా బ్రిహిదా లేచి కూర్చుంది. "నా పేరా? మరీ ఇంత నల్లదానికా?"

"గులాబీ చార చూడండి."

చాలాసేపు చూసింది. తర్వాత రసం అడిగింది. నీలం గౌను ఇస్త్రీ మాత్రం ఆపొద్దంది, సంతలో నలుగురికీ చెప్పి రావాలి కదా.

ఇప్పుడు ఆ ఊళ్లో నల్ల చిమ్మట వస్తే ఎవరూ శవం దగ్గర పెట్టే కొవ్వొత్తులు వెతకరు. "బ్రిహిదా వచ్చింది," అంటారు, మంగలి కొట్టులో కూడా. దోన్ ఎలియోదోరో చెవులు ఎర్రబడతాయి. కానీ గడ్డం మాత్రం ఆపకుండా, చివరిదాకా గీస్తాడు.