జానెడు పైన త్రిశంకు

ఎనభైల్లో ఒక మే నెల రాత్రి కల్వకుర్తి బస్టాండులో కరెంటు పోయింది. నేను సైన్సు మాస్టరును, కొత్తగా పెళ్లయినవాణ్ణి. అచ్చంపేట బస్సు కోసం చూస్తూ, దక్షిణాన కిందుగా ఉన్న నాలుగు చుక్కల త్రిశంకును నా భార్యకు చూపించాను. ఆమె ఆవులించింది.

పక్కన మూట మీద కూర్చున్న మట్టిపని మనిషి చెయ్యి బారుగా చాచి, నేల అంచుకు ఆనించినట్టు పిడికిలి పట్టాడు.

"ఈడ గవి గింతే లేస్తయి, చెల్లె. కేరళల కాలువ పనికి పోయినప్పుడు చూసిన, జానెడు పైకి లేసినయి."

దక్షిణానికి పోయేకొద్దీ అవి పైకి కనిపిస్తాయని నేను ఏటా చెప్పే పాఠమే. ఆమె మాత్రం అతనిలాగే చెయ్యి చాచి కొలిచింది. తర్వాత నావైపు తిరిగింది.

"మీరు గట్ల చూసిండ్రా?"

"పుస్తకంల ఉన్నది," అన్నాను.

ఆమె మళ్లీ అతన్నే కేరళ సంగతులు అడగసాగింది. నాకు ఒళ్లు మండింది. బస్సు వచ్చేదాకా ఆకాశం వంక చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో ట్యూషను పిల్లలకు ఆ పాఠం చెబుతూ, "కేరళల నేనే చెయ్యి చాచి కొలిచిన," అంటాను. శ్రీశైలం దాటి దక్షిణానికి నేను ఎన్నడూ పోలేదు. ఆ మాట అన్నప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగుతుంది.